బంధం తెగితే శక్తి వస్తుందా, ఖర్చవుతుందా?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. బంధాన్ని తెంచాలంటే శక్తి ఖర్చు పెట్టాలని రసాయన శాస్త్ర పుస్తకం చెబుతుంది. జీవకణాలు తమ పనులకు శక్తి కోసం వాడుకునే ఏటీపీ అనే అణువులోని ఫాస్ఫేట్ బంధం తెగినప్పుడు శక్తి విడుదలవుతుందని జీవశాస్త్ర పుస్తకం చెబుతుంది. వంటగ్యాసులోనూ పెట్రోలులోనూ శక్తి నిల్వ ఉంటుందని అందరూ అంటారు. ఈ మూడూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నది మీ మొదటి ప్రశ్న. ఆ శక్తి అసలు ఎక్కడ ఉంటుందన్నది రెండోది. బంధ శక్తుల పట్టికలోని అంకెలు ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఎందుకున్నాయన్నది మూడోది. చాలాకాలంగా ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులకు రసాయన శాస్త్రం బోధిస్తున్నవాడిగా ఒక మాట చెప్పగలను. బాగా చదివేవారిలో కూడా ఎక్కువమంది ఈ చిక్కును విడదీసుకోకుండానే పై తరగతులకు వెళ్లిపోతారు, ఎందుకంటే సూత్రంలో అంకెలు వేసి లెక్క చేస్తే విషయం అర్థం కాకపోయినా సరైన జవాబే వస్తుంది.

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. మొదటి వాక్యం మీరు చదువుకునే అణువులన్నిటి విషయంలోనూ నిజం: బంధాన్ని తెంచడానికి ఎప్పుడూ శక్తి ఖర్చవుతుంది, బంధం ఏర్పడినప్పుడు ఎప్పుడూ శక్తి విడుదలవుతుంది. రెండో వాక్యం సగం చెప్పి ఆపేసినది. మూడో వాక్యం వాడుకకు పనికివచ్చేదే గాని, మంటలో ప్రధాన పాత్ర వహించే ఆక్సిజన్‌ను పూర్తిగా మరుగున పడేస్తుంది. నా ఉద్దేశంలో ఈ గందరగోళం మొత్తానికి మూలం ఆ మూడో వాక్యమే, కాబట్టి ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

బంధమంటే ఏమిటో చూద్దాం. రెండు పరమాణువులు దగ్గరికి వచ్చినప్పుడు ఒకదాని ఎలక్ట్రాన్లను రెండోదాని కేంద్రకం కూడా ఆకర్షిస్తుంది. ఎలక్ట్రాన్లు రెండు కేంద్రకాల మధ్య సర్దుకుని, విడివిడిగా ఉన్నప్పటికంటే తక్కువ శక్తి గల స్థితికి చేరుకుంటాయి. ఆ తగ్గిన శక్తి ఎక్కడికో పోవాలి గనక బయటికి వస్తుంది. రెండు అయస్కాంతాలను చేతుల్లో పట్టుకుని చూడండి: దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంటాయి, ఆ చప్పుడూ ఆ కుదుపూ విడుదలైన శక్తే, వాటిని విడదీయాలంటే మాత్రం మన చేతులు పని చేయాలి. విడదీసినప్పుడు శక్తి పుట్టుకొచ్చే అయస్కాంతాల జత ఎలా ఉండదో, తెంచితే దానికదే శక్తినిచ్చే బంధం కూడా అలాగే ఉండదు. బంధ శక్తి అని పట్టికలో ఇచ్చే అంకె బంధంలో దాచిపెట్టిన శక్తి కాదు, ఆ బంధాన్ని తెంచడానికి మనం చెల్లించాల్సిన మూల్యం. కాబట్టి బలమైన బంధం అంటే ఎక్కువ శక్తి ఉన్న బంధం కాదు. ఏర్పడేటప్పుడే ఎక్కువ శక్తిని వదిలేసి, ఇప్పుడు ఇవ్వడానికి తక్కువ మిగుల్చుకున్న బంధం. విద్యార్థులు తలకిందులుగా అర్థం చేసుకునేది సరిగ్గా ఇక్కడే.

ఇప్పుడు ఒక నిజమైన చర్యను తీసుకుందాం. కృష్ణా గోదావరి బేసిన్‌లో తీసే సహజ వాయువులోనూ, నగరాల్లో ఇళ్లకు పైపుల ద్వారా వచ్చే గ్యాసులోనూ ఎక్కువ భాగం మీథేన్. ఒక మీథేన్ అణువులో ఒక కార్బన్‌కు నాలుగు హైడ్రోజన్లు అతుక్కుని ఉంటాయి. అది మండినప్పుడు రెండు ఆక్సిజన్ అణువులతో కలిసి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు, రెండు నీటి అణువులు ఏర్పడతాయి. ఒక మోల్ మీథేన్‌కు లెక్క వేద్దాం; మోల్ అంటే అణువులను లెక్కపెట్టడానికి వాడే ఒక నిర్ణీత సంఖ్య, అన్ని మీథేన్ అణువుల బరువు 16 గ్రాములు. నాలుగు కార్బన్-హైడ్రోజన్ బంధాలను ఒక్కోటి 413 కిలోజౌళ్ల చొప్పున తెంచాలి, అది 1652. రెండు ఆక్సిజన్ అణువుల ద్విబంధాలను ఒక్కోటి 498 చొప్పున తెంచాలి, అది 996. మొత్తం ఖర్చు 2648 కిలోజౌళ్లు. ఇక రాబడి చూస్తే, కార్బన్ డయాక్సైడ్‌లో రెండు కార్బన్-ఆక్సిజన్ ద్విబంధాలు ఒక్కోటి 799 చొప్పున 1598 ఇస్తాయి. రెండు నీటి అణువుల్లోని నాలుగు ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలు ఒక్కోటి 463 చొప్పున 1852 ఇస్తాయి. మొత్తం రాబడి 3450. తేడా 802 కిలోజౌళ్లు, అదే మంటగా మనకు చేరేది. ప్రయోగంలో కొలిచినా, నీరు ఆవిరి రూపంలోనే బయటికి పోయే పక్షంలో, మీథేన్ దహన ఉష్ణం దాదాపు ఇంతే వస్తుంది.

అంటే మంటలో కూడా బంధాలు తెగడానికి శక్తి ఖర్చవుతూనే ఉంది. తెగినవాటికి అయ్యే ఖర్చు కంటే కొత్తగా ఏర్పడేవాటి నుంచి వచ్చే రాబడి ఎక్కువ కావడం వల్లనే వేడి మిగులుతోంది. దహనం ఉష్ణమోచక చర్య అని పుస్తకం ఒక్క మాటలో చెప్పేది ఈ మిగులు గురించే. ఆ మిగులు మొదట కొత్తగా పుట్టిన అణువుల చలనంగా కనిపిస్తుంది: కార్బన్ డయాక్సైడ్, నీటి అణువులు తీవ్రంగా కంపిస్తూ, గిరగిరా తిరుగుతూ, అతి వేగంగా ఎగురుతూ పక్కనున్న అణువులను గుద్దుకుంటాయి. ఆ గందరగోళపు చలనాన్నే మనం పెద్ద ఎత్తున ఉష్ణం అంటాం. స్థితిజ శక్తి గతిజ శక్తిగా మారింది, అంతే. కొత్తగా ఏదీ పుట్టలేదు.

ఇక్కడిదాకా చాలా పుస్తకాలు చెబుతాయి. మీ రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే మాత్రం అదే లెక్కను ఇంకోలా చూడాలి. ప్రతి బంధంలోనూ ఎలక్ట్రాన్ల జంటలుంటాయి, ఏకబంధానికి ఒక జంట, ద్విబంధానికి రెండు. మీథేన్‌లో నాలుగు జంటలు, రెండు ఆక్సిజన్ అణువుల్లో కలిపి నాలుగు జంటలు, మొత్తం ఎనిమిది. ఉత్పన్నాల్లో కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగు, నీటిలో నాలుగు, మళ్లీ ఎనిమిదే. జంటల సంఖ్య మారలేదు, కాబట్టి ఒక్కో జంట విలువ ఎంతో చూస్తే సరిపోతుంది. మీథేన్‌లో జంటకు 413, కార్బన్ డయాక్సైడ్‌లో జంటకు దాదాపు 400, నీటిలో జంటకు 463. ఈ మూడూ దాదాపు ఒకే శ్రేణిలో ఉన్నాయి. ఆక్సిజన్ అణువులో మాత్రం జంటకు 249 మాత్రమే! మొత్తం లెక్కలో బలహీనంగా ఉన్నది అదొక్కటే. మీథేన్‌లోని నాలుగు జంటలు కార్బన్ డయాక్సైడ్‌లోని నాలుగు జంటలుగా మారాయనుకుంటే 54 కిలోజౌళ్లు నష్టమే వస్తుంది. ఆక్సిజన్‌లోని నాలుగు బలహీనమైన జంటలు నీటిలోని నాలుగు గట్టి జంటలుగా మారాయనుకుంటే 856 లాభం వస్తుంది. 856లోంచి 54 తీసేస్తే సరిగ్గా 802. అణువులు నిజంగా ఈ వరుసలో మారతాయని దీని అర్థం కాదు, ఇది పద్దు రాసే పద్ధతి మాత్రమే. కానీ మిగులు ఎక్కడి నుంచి వస్తోందో ఈ పద్దు దాచకుండా చూపిస్తుంది. మంట వేడికి ముఖ్య కారణం ఇంధనంలోని బంధాలు కావు, ఆక్సిజన్ అణువులోని బలహీనమైన ద్విబంధం.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. 1917లో థార్న్‌టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, సేంద్రియ పదార్థాలు ఏవి మండినా, ఖర్చయిన ఆక్సిజన్‌తో పోల్చి చూస్తే వచ్చే వేడి దాదాపు ఒకటేనని గమనించాడు. ఇంధనం కిలోకు లెక్కిస్తే కట్టెకూ పెట్రోలుకూ చాలా తేడా ఉంటుంది. ఆక్సిజన్ కిలోకు లెక్కిస్తే ఆ తేడా దాదాపు మాయమైపోయి, ఏదైనా సుమారు 13.1 మెగాజౌళ్ల దగ్గరే నిలుస్తుంది. అగ్నిప్రమాదాలను అధ్యయనం చేసే ప్రయోగశాలల్లో సోఫానో పరుపునో తగలబెట్టి, దాని నుంచి ఎంత వేడి వెలువడుతోందో తెలుసుకోవడానికి పొగలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో కొలుస్తారు. పరుపులో ఏయే పదార్థాలున్నాయో తెలియాల్సిన పని కూడా లేదు. దీనికి బంధాల స్థాయిలో కారణాన్ని 2015లో అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లౌస్ ష్మిట్-రోర్ స్పష్టంగా వివరించి, ఒక మోల్ ఆక్సిజన్‌కు సుమారు 418 కిలోజౌళ్లు అని లెక్క కట్టాడు. హైడ్రోజన్, ఎసిటిలీన్ వంటివి ఈ సగటు కంటే కాస్త ఎక్కువ ఇస్తాయి, ఆ మాట కూడా చెప్పాలి. అయినా నియమం మొత్తం మీద బాగానే నిలబడుతుంది.

దీన్ని మన వంటింటి సిలిండర్ మీద పరీక్షించి చూడవచ్చు. అందులో 14.2 కిలోల ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం ఉంటుంది. కిలోకు సుమారు 46 మెగాజౌళ్ల చొప్పున మొత్తం 653 మెగాజౌళ్లు, అంటే కరెంటు లెక్కలో 180 యూనిట్ల పైచిలుకు. ఇదంతా మండడానికి గాలిలోంచి సుమారు 51 కిలోల ఆక్సిజన్ కావాలి. 51ని 13.1తో హెచ్చిస్తే 668 వస్తుంది, రెండు లెక్కలకూ తేడా నూటికి రెండు మూడు వంతులే. మండాక 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి వంటింట్లోంచి బయటికి పోతాయి. మనం డబ్బిచ్చి కొన్నది 14.2 కిలోలు, అడగకుండానే గాలి ఇచ్చింది 51 కిలోలు. కిలోకు 46 మెగాజౌళ్లని మనం గొప్పగా చెప్పుకునేది ఈ 51 కిలోలను లెక్కలోకి తీసుకోకుండానే. తీసుకుంటే కిలోకు 10 మెగాజౌళ్లకు పడిపోతుంది. పెట్రోలు విషయంలోనూ ఇంతే: కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, దాన్ని కారు దారి పొడవునా పీల్చుకుంటుంది గాని ట్యాంకులో మోయదు. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ మాత్రం చర్యలో పాల్గొనే రెండు పక్షాలనూ తనలోనే మోయాలి. బరువు విషయంలో బ్యాటరీ పెట్రోలుకు వెనకబడటానికి ఇదొక్కటే కారణం కాకపోయినా, ఇదీ ఒక కారణమే.

గాలి దొరకని చోటికి వెళ్లాల్సిన రాకెట్‌కు ఈ సౌకర్యం లేదు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను తీసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో ద్రవ హైడ్రోజన్‌తో పాటు ద్రవ ఆక్సిజన్ కూడా ఉంది. ఆ ఆక్సిజన్ బరువు హైడ్రోజన్ బరువుకు సుమారు ఐదు రెట్లు. శక్తి అంతా ఇంధనంలోనే ఉంటే ఇంత బరువైన రెండో ట్యాంకును మోసుకెళ్లాల్సిన అవసరం ఏ ఇంజనీరుకూ ఉండేది కాదు. పూర్వం నుంచీ బాణసంచా తయారుచేసేవారికి కూడా ఈ సంగతి ఆచరణలో తెలుసు: బొగ్గు, గంధకం మాత్రమే దట్టించి గొట్టం మూస్తే పేలదు, సూరేకారం కలపాలి, ఎందుకంటే బయటి గాలి అందని చోట ఆక్సిజన్‌ను ఇచ్చేది అదే.

ఇంకో అడుగు ముందుకు వేసి శనిగ్రహపు ఉపగ్రహం టైటన్‌ను ఊహించుకోండి. అక్కడి వాతావరణంలో ఎక్కువ భాగం నైట్రోజన్, దానితోపాటు మీథేన్ ఉంటుంది. ఆక్సిజన్ వాయువు ఉండదని చెప్పవచ్చు. కాసినీ వ్యోమనౌక అక్కడ మీథేన్, ఈథేన్‌లతో నిండిన సరస్సులను కూడా గుర్తించింది. అలాంటి చోట ఎవరైనా నివసిస్తే వారికి మీథేన్ మన గాలిలాగా ఊరికే దొరికే వస్తువు. వారు డబ్బిచ్చి కొనుక్కునే సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుంది, ఆక్సిజన్‌లో ఎంతో శక్తి నిల్వ ఉందని వారి పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. ఇది ఉత్త కల్పన కాదు, మీథేన్ నిండిన గొట్టంలోకి సన్నగా గాలిని పంపి వెలిగిస్తే గాలే మండుతున్నట్టు కనిపించే ప్రయోగాన్ని కళాశాలల్లో చేసి చూపిస్తారు. ఇంధనం ఏది, గాలి ఏది అన్నది ఏది సులువుగా దొరుకుతుందన్న దాన్ని బట్టి మనం పెట్టుకున్న విభజన. శక్తి మాత్రం ఆ రెండింటి కలయికలో ఉన్న అవకాశం.

పద్దెనిమిదో శతాబ్దంలో జర్మనీకి చెందిన స్టాల్ ప్రచారం చేసిన ఫ్లొజిస్టన్ సిద్ధాంతం ప్రకారం, మండే ప్రతి వస్తువులోనూ ఒక అగ్ని పదార్థం ఉంటుంది, మండినప్పుడు అది బయటికి పోతుంది. 1770లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లవాయిజియే త్రాసు పట్టుకుని, మండిన గంధకం, భాస్వరం బరువు తగ్గకపోగా పెరుగుతోందనీ, ఆ పెరిగిన బరువు గాలిలోంచి వచ్చినదనీ చూపించి ఆ సిద్ధాంతాన్ని పడగొట్టాడు. పదార్థం సంగతిలో మనమంతా లవాయిజియే పక్షానే ఉన్నాం గాని, శక్తి సంగతి వచ్చేసరికి ఇంధనంలో ఏదో దాగి ఉండి మంటలో బయటికి వస్తుందని ఇప్పటికీ ఫ్లొజిస్టన్ భాషే మాట్లాడుతున్నామని నా అభిప్రాయం.

ఆక్సిజన్ బంధం అంత బలహీనమైతే, సిలిండర్ రెగ్యులేటర్ తిప్పగానే గ్యాస్ దానికదే ఎందుకు అంటుకోదని మీకు సందేహం రావచ్చు. పద్దులో రాబడి ఎక్కువే అయినా ఖర్చు ముందుగా పెట్టాలి. మొదటి కొన్ని బంధాలు తెగడానికి కావలసిన ఆ తొలి ఖర్చునే ఉత్తేజన శక్తి అంటారు; లైటర్ నిప్పురవ్వ ఇచ్చేది అదే. ఒకసారి మొదలయ్యాక మండిన అణువుల వేడి పక్కవాటి ఖర్చును భరిస్తుంది, అందుకే రవ్వ మళ్లీ అవసరం ఉండదు. పైగా ఆక్సిజన్ అణువులో జతకూడని రెండు ఎలక్ట్రాన్లుండే ప్రత్యేకమైన అమరిక వల్ల అది సాధారణ అణువులతో చల్లని స్థితిలో తొందరగా చర్య జరపదు. ఈ జాప్యమే లేకపోతే అడవులూ మన శరీరాలూ ఐదో వంతు ఆక్సిజన్ ఉన్న ఈ గాలిలో నిలిచి ఉండేవి కావు.

ఆక్సిజన్ చాలకపోతే ఏమవుతుందో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది లెక్క మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం. ఒక మోల్ కార్బన్ పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అయితే 394 కిలోజౌళ్లు వస్తాయి. సగం మండి కార్బన్ మోనాక్సైడ్ దగ్గర ఆగిపోతే 110 మాత్రమే. స్టవ్ మంట నీలంగా కాకుండా పసుపుగా మారి గిన్నెల అడుగున మసి పడుతోందంటే, డబ్బిచ్చి కొన్న గ్యాసులోని కార్బన్ కొంత ఆక్సిజన్ అందక మండకుండానే పోతోందన్నమాట. బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించాలి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టవద్దని చెప్పేది కార్బన్ మోనాక్సైడ్ వల్లనే: దానికి రంగూ వాసనా ఉండవు, గ్యాస్ లీకును పసిగట్టడానికి కలిపే మెర్కాప్టన్ వాసన కూడా మంటలో కాలిపోతుంది.

ఇప్పుడు ఏటీపీ. దీన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. తరువాత 1941లో జీవరసాయన శాస్త్రవేత్త లిప్‌మన్ దాని ఫాస్ఫేట్ బంధాన్ని ఒక అలల గీతతో సూచించి, అధిక శక్తి బంధం అనే భావనను ప్రచారంలోకి తెచ్చాడు. ఆ గీత జీవరసాయన శాస్త్రానికి ఎంత ఉపకారం చేసిందో, తొలిసారి చదివేవారిని అంతే పక్కదారి పట్టించింది. జరిగేది ఇది: ఏటీపీ అణువు ఒంటరిగా తెగిపోదు, నీటి అణువుతో చర్య జరుపుతుంది. చివరి ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచిన బంధం తెగడానికి శక్తి ఖర్చవుతుంది. కానీ అదే సమయంలో ఆ ఫాస్ఫేట్‌కు నీటి నుంచి వచ్చిన ఆక్సిజన్‌తో కొత్త బంధం ఏర్పడుతుంది. పక్కపక్కన ఇరుక్కుని ఒకదాన్నొకటి వికర్షించుకుంటున్న రుణావేశాలు విడిపోతాయి. విడిపోయిన ముక్కల చుట్టూ నీటి అణువులు మరింత గట్టిగా చేరతాయి. ఇవన్నీ కలిపితే రాబడి ఖర్చును మించి, ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు సుమారు 30 కిలోజౌళ్ల స్వేచ్ఛా శక్తి, అంటే పనికి వాడుకోగల శక్తి, మిగులుతుంది. మీ జీవశాస్త్ర పుస్తకంలోని వాక్యాన్ని ‘ఏటీపీ నీటితో చర్య జరిపినప్పుడు శక్తి విడుదలవుతుంది’ అని మార్చుకుని చదవండి, వైరుధ్యం పోతుంది. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాసినా మార్కులు తగ్గించరు గాని, ఒక వాక్యం అదనంగా రాస్తే దిద్దేవారికి మీరు అర్థం చేసుకున్నారని తెలుస్తుంది.

శరీరంలో కూడా చివరికి లెక్క ఆక్సిజన్ దగ్గరికే వస్తుంది. మనిషి విశ్రాంతిలో ఎంత శక్తి ఖర్చు చేస్తున్నాడో కొలవాలంటే ఏం తిన్నాడని అడగనక్కర్లేదు, ఎంత ఆక్సిజన్ వాడుకున్నాడో కొలిస్తే చాలు: లీటరుకు సుమారు 20 కిలోజౌళ్లు. అన్నం తిన్నా నెయ్యి తిన్నా ఈ అంకె పెద్దగా మారదు. థార్న్‌టన్ నియమాన్ని మోల్ నుంచి లీటరులోకి మార్చినా దాదాపు అక్కడికే చేరుకుంటాం.

ఈ ఆక్సిజన్‌కు ఆ బలహీనమైన బంధం ఎలా వచ్చిందంటే, దానికి మూల్యం చెల్లించింది సూర్యుడు. కిరణజన్య సంయోగక్రియలో ఆకులు నీటి అణువుల గట్టి బంధాలను తెంచి, హైడ్రోజన్‌ను చక్కెర వైపు పంపి, ఆక్సిజన్‌ను గాలిలోకి వదిలేస్తాయి. గట్టి జంటలను బలహీనమైన జంటలుగా మార్చడమంటే నష్టపు బేరమే, ఆ నష్టాన్ని భర్తీ చేసేది ఎండ. కాబట్టి పంటపొలం మీద పడిన ఎండ గింజలో చేరిందని మాత్రమే అంటే సగం మాటే. గింజనూ ఆక్సిజన్‌నూ విడివిడిగా ఉంచడంలో ఆ శక్తి ఇమిడి ఉంది.

నీళ్లతో నడిచే కారు గురించి ఏటా ఏదో ఒక వీడియో చేతులు మారుతూ వస్తుంది, దాని సంగతీ ఇక్కడే తేలిపోతుంది. నీరు ఇప్పటికే మండిపోయిన హైడ్రోజన్. 18 గ్రాముల నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడదీయడానికి కనీసం 286 కిలోజౌళ్లు పెట్టాలి. వాటిని మళ్లీ మండించి ఆ ఆవిరిని నీరుగా చల్లబరిచేదాకా వెళ్తే వచ్చేది కూడా 286 మాత్రమే, అది కూడా ఇంజన్‌లో ఒక్క చుక్క శక్తి వృథా కాని పక్షంలో. దారి ఏదైనా మొదలూ చివరా ఒకటే అయితే మొత్తం ఉష్ణం ఒకటేనని 1840లోనే హెస్ చెప్పిన నియమాన్ని ఏ పరికరమూ దాటలేదు. నీరు మరగడాన్ని కూడా కొందరు దీనితో కలిపేస్తుంటారు. ఆవిరయ్యేటప్పుడు విడిపోయేవి అణువుకూ అణువుకూ మధ్య ఉన్న ఆకర్షణలు మాత్రమే, వాటికి మోల్‌కు 41 కిలోజౌళ్లు చాలు. అణువు లోపలి ఒక్కో ఆక్సిజన్-హైడ్రోజన్ బంధానికి 463 కావాలి. నీరు మరగడంలో కూడా విడదీయడానికి ఖర్చే అవుతుందన్నది గమనించండి. ఎక్కువసేపు వేగంగా వాడిన గ్యాస్ సిలిండర్ చల్లబడి, పైన తేమ పట్టడానికి కారణం లోపలి ద్రవం వాయువుగా మారడానికి అయ్యే ఆ ఖర్చే.

ఆక్సిజన్ ప్రసక్తే లేకుండా శక్తినిచ్చే చర్యలు కూడా ఉన్నాయి, వాటిని చూపించి ఎవరైనా మిమ్మల్ని ప్రశ్నించవచ్చు. హైడ్రోజన్ క్లోరిన్‌లో కూడా మండుతుంది. పేలుడు పదార్థాల్లో చాలావాటికి బలం, చివరలో నైట్రోజన్ అణువు ఏర్పడటం నుంచి వస్తుంది. దాని త్రిబంధం విలువ 945 కిలోజౌళ్లు. పాత్రలు మారినా నియమం అదే: బలహీనమైన బంధాలు పోయి బలమైనవి వస్తే శక్తి మిగులుతుంది.

ఇక మీ మూడో ప్రశ్న. పట్టికల్లోని బంధ శక్తులు చాలావరకు సగటులు. మీథేన్ నుంచి మొదటి హైడ్రోజన్‌ను తీయడానికి సుమారు 439 కిలోజౌళ్లు కావాలి, ఆఖరిదాన్ని తీయడానికి 338 చాలు. నాలుగింటినీ సగటు చేస్తే 416 దగ్గర వస్తుంది. అదే కార్బన్-హైడ్రోజన్ బంధం వేరే అణువుల్లో వేరే విలువ చూపుతుంది గనక, ఏయే అణువులను తీసుకుని సగటు కట్టారన్న దాన్ని బట్టి ఒక పుస్తకంలో 413, మరోదానిలో 414 లేదా 416 కనిపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ సంగతి వేరు: దానిలోని ద్విబంధం విలువ 799 నుంచి 804 వరకు ఇస్తారు, ఇతర అణువుల్లోని కార్బన్-ఆక్సిజన్ ద్విబంధానికి ఇచ్చే 745ను దీనికి వాడితే లెక్క పూర్తిగా తప్పిపోతుంది, విద్యార్థుల జవాబు పత్రాల్లో నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. మీథేన్ లెక్క 802 దగ్గర అంత చక్కగా కుదరడంలో కొంత అదృష్టం కూడా ఉంది. ప్రొపేన్‌కు ఇవే సగటులు వాడి చూడండి: రెండు కార్బన్-కార్బన్ బంధాలకు 347 చొప్పున కలిపితే ఖర్చు 6488, రాబడి 8498, తేడా 2010 వస్తుంది. కొలిచిన విలువ 2044. నూటికి రెండు వంతుల లోపు తేడా సగటులతో చేసిన లెక్కకు సహజమే. కచ్చితమైన జవాబు కావాలంటే బంధ శక్తులను పక్కన పెట్టి, సంఘటన ఉష్ణాల పట్టికను, అంటే ఒక్కో పదార్థం దాని మూలకాల నుంచి ఏర్పడేటప్పుడు వెలువడే లేదా ఖర్చయ్యే వేడి పట్టికను, వాడండి.